కారే కుండ కావాలి: ఉప్పుడు మిల్లు నీటి నుంచి కరెంటు, హైడ్రోజన్ తీసిన ప్రాజెక్టు డైరీ

నవంబరు 18

మిర్యాలగూడలో ఉంటూ ఉప్పుడు బియ్యం మిల్లుల వాసన తెలియదనేవారు ఉండరు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఇక్కడి మిల్లులకు చేరి, వేడి నీటి తొట్లలో గంటల తరబడి నాని, ఆవిరికి ఉడికి, ఎండి, ఆ తరువాత మరకు వెళతాయి. నానబెట్టిన తొట్లలో మిగిలే నీరు లేత గోధుమ రంగులో, పులిసిన కుడితి వాసనతో ఉంటుంది. గింజలోని చక్కెరలు, పిండి పదార్థం, కొంత మాంసకృత్తి అందులోకి దిగుతాయి గనుక అది మురుగు అన్న పేరే తప్ప నిజానికి పలచని ఆహారం. పశువుల కుడితి తొట్టిలో పోస్తే తాగే ఈ నీటిని కాలువలో వదిలితే మాత్రం, దానిని తినే సూక్ష్మజీవులు కాలువ నీటిలోని ఆక్సిజన్‌ను అంతా వాడేసి చేపలను చంపుతాయి.

కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఈ చలికాలానికి ఒక పని కావాలి. నా పూర్వ విద్యార్థి, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెబుతున్న అబ్బాయి, కొలతల బాధ్యత తాను తీసుకుంటానన్నాడు. మేము పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ నీటిలో దాగి ఉన్న ఎలక్ట్రాన్లలో ఎన్నింటిని తీగలోకి రప్పించగలం, ఎన్నింటిని హైడ్రోజన్‌గా పట్టుకోగలం, తక్కినవి ఎటు పోయాయో ఎంతవరకు లెక్క చెప్పగలం?

నవంబరు 21

సూత్రాన్ని ఒకసారి రాసి పెట్టుకుంటున్నాను. మనం అన్నం తిన్నప్పుడు దానిలోని ఎలక్ట్రాన్లు చివరకు మనం పీల్చిన ఆక్సిజన్‌కు చేరుతాయి. గాలి ఆడని బురదలో బతికే కొన్ని బ్యాక్టీరియాలకు ఆక్సిజన్ దొరకదు గనుక, అవి తమ ఎలక్ట్రాన్లను ఇనుప తుప్పు వంటి ఘన పదార్థాలకు అప్పగించడం నేర్చాయి. జియోబ్యాక్టర్ అనే జాతి 1987లో అమెరికాలోని పొటోమాక్ నది అడుగు మట్టిలో ఇలాగే దొరికింది. తుప్పుకు బదులు బొగ్గు ఎలక్ట్రోడును అందిస్తే ఎలక్ట్రాన్లను దానికే ఇస్తాయి. తీగ గుండా అవతలి ఎలక్ట్రోడుకు చేరిన ఎలక్ట్రాన్లు అక్కడ ఆక్సిజన్‌తో కలిస్తే మనకు కరెంటు వస్తుంది, దీన్ని సూక్ష్మజీవుల ఇంధన ఘటం అంటారు. అవతల ఆక్సిజన్ లేకుండా చేసి బయటి నుంచి కాస్త వోల్టేజీ తోడిస్తే అవే ఎలక్ట్రాన్లు నీటిలోని ప్రోటాన్లతో కలిసి హైడ్రోజన్‌గా పైకి వస్తాయి.

ఆ తోడింపు ఎంత అన్నదే ఈ పద్ధతికి ఆయువుపట్టు. నీటిని నేరుగా విడగొట్టడానికి సిద్ధాంతరీత్యానే 1.23 వోల్టులు కావాలి, ఆచరణలో 1.8 దాటుతుంది. వెనిగర్‌లోని ఎసిటేట్ వంటి పదార్థాన్ని బ్యాక్టీరియా తింటున్నప్పుడు సిద్ధాంతరీత్యా 0.14 వోల్టు చాలు, ఆచరణలో అర వోల్టు పైన కావాలి. మిగతా బలమంతా మురుగు నీరే పెడుతుంది. 2005లో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బ్రూస్ లోగాన్ బృందం దీనిని చేసి చూపింది. బ్యాక్టీరియా నుంచి కరెంటు వస్తుందన్న సంగతి అంతకన్నా చాలా పాతది. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం బోధించిన పాటర్ 1911లోనే ఈస్టుతో, బ్యాక్టీరియాతో దానిని నిరూపించాడు. పాటర్ అంటే ఆంగ్లంలో కుమ్మరి అని అర్థం. ఈ ప్రాజెక్టు కుమ్మరి ఇంటికే దారి తీస్తుందని ఆ పేరు చదివినప్పుడు నేను అనుకోలేదు.

నవంబరు 27

మొదటి ఘటం పూర్తిగా విఫలమయింది. రెండు ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, ఒకదానిలో మిల్లు నీరు, చెరువు అడుగు నుంచి తెచ్చిన నల్ల బురద, రెండో దానిలో ఉప్పు నీరు పోసి, రెండింటి నడుమ అగర్ జెల్లీ, ఉప్పు నింపిన అంగుళం పీవీసీ గొట్టాన్ని వంతెనగా బిగించాము. పాత టార్చి బ్యాటరీలలోని కార్బన్ కడ్డీలు ఎలక్ట్రోడులు. సాయంత్రానికే మల్టీమీటరు 0.72 వోల్టు చూపించింది. బ్యాక్టీరియా ఒక్క పూటలో అంత వోల్టేజీ ఇవ్వదని తెలిసి కూడా ఇద్దరం సంతోషించాము.

మరునాడు చూస్తే తీగను కడ్డీకి పట్టి ఉంచే మొసలి క్లిప్పు సగం నీటిలో మునిగి, దాని మీది జింకు పూత కరిగిపోయి ఉంది. మేము చూసినది మిల్లు నీటి శక్తి కాదు, జింకు కరిగే శక్తి. లోహం ఏదీ తడి తగిలే చోట ఉండకూడదన్నది మొదటి పాఠం. రాగి తీగ అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది కరుగుతూ దొంగ వోల్టేజీని ఇవ్వడమే కాక, దాని లవణాలు బ్యాక్టీరియాను చంపుతాయి. ఇప్పుడు నీటిపై దాకా కార్బన్ కడ్డీయే వస్తుంది, తీగ దానికి పొడి చోట ముడిపడి, ముడి మీద ఎపాక్సీ పూత ఉంటుంది.

డిసెంబరు 6

క్లిప్పు మార్చిన తరువాత ఎనిమిది రోజులు ఆగితే అసలైన వోల్టేజీ 0.61కి మెల్లగా చేరింది. కానీ 1000 ఓముల నిరోధాన్ని తగిలించగానే అది 0.04 వోల్టుకు కూలిపోయింది. అంటే ప్రవహించినది 0.04 మిల్లీ ఆంపియరు మాత్రమే, ఘటం లోపలి నిరోధమే సుమారు 14 వేల ఓములు. నిరోధం ఏదీ తగిలించకుండా ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీని ఫొటో తీసి గొప్పగా చూపించే ప్రయోగాలలో ఈ రెండో కొలత ఎందుకు కనిపించదో ఇప్పుడు అర్థమయింది. దోషం బ్యాక్టీరియాది కాదు, వంతెనది. అయాన్లు అంత సన్నని, పొడవైన జెల్లీ దారిలో నడవలేకపోతున్నాయి.

ప్రయోగశాలల్లో దీనికి నేఫియాన్ అనే పొరను వాడతారు. అరచేతి వెడల్పు ముక్క ధర చూసి ఆ ఆలోచన మానుకున్నాను. వెతికితే ఖరగ్‌పూర్ ఐఐటీలో ఘంగ్రేకర్ బృందం 2010లో ప్రచురించిన పని దొరికింది. వాళ్లు తీసుకున్నదీ బియ్యం మిల్లు మురుగు నీరే, నేఫియాన్ తరహా పొరతో ఒక ఘటాన్ని, మామూలు మట్టి కుండతో మరొక ఘటాన్ని కట్టి పోల్చి చూశారు, పోటీలో మట్టి కుండే గెలిచింది. కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రాలు తడిస్తే అయాన్లకు దారి అవుతాయి, నీరు మాత్రం బొట్టుబొట్టుగా తప్ప దాటదు. మన ఇళ్లలో ఎండాకాలం నీళ్ల కుండ చెమర్చడం అదే.

డిసెంబరు 9

ఊరి చివర సారె ఇంకా తిప్పుతున్న పెద్దాయన దగ్గరకు వెళ్లాను. కల్లు ముంత పరిమాణంలో, అర లీటరుకు పైగా పట్టేవి, లోపలా బయటా ఏ పూతా లేనివి, కాస్త ఎక్కువ చెమర్చేవి కావాలని చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి, "ఇన్నేండ్లల్ల కుండ కారుతున్నదని కొట్లాడినోళ్లే గని, కారే కుండ కావాలని వచ్చినోళ్లు మీరే సారూ" అన్నాడు. చెమర్పు ఎలా పెంచాలో చెప్పినది కూడా ఆయనే. మట్టిలో ఊక కలిపి చేస్తే ఆవంలో అది కాలిపోయి, దాని జాగాలో రంధ్రాలు మిగులుతాయి. ఊకకు మిర్యాలగూడలో కరువు లేదు.

మూడు రకాలు చేయమన్నాను: ఉత్త మట్టివి, ముద్దకు గుప్పెడు ఊక కలిపినవి, మూడు గుప్పెళ్లు కలిపినవి. గుప్పెడు అంటే ఎన్ని గ్రాములని అడగబోయి ఊరుకున్నాను. ఆయన గుప్పెడు ఏ రోజైనా ఒకటే.

డిసెంబరు 22

ముంతలు వచ్చాయి. నీళ్లు నింపి ఒక రోజంతా తూకం వేశాము. ఉత్త మట్టి ముంత 18 మిల్లీలీటర్లు చెమర్చింది, గుప్పెడు ఊక ముంత 45, మూడు గుప్పెళ్లది 140. చివరిదానితో మిల్లు నీరు అటు గదిలోకి కూడా దిగుతుంది గనుక మధ్యదానిని ఎంచుకున్నాము.

కట్టిన తీరు ఇది. మూత గట్టిగా పడే పది లీటర్ల పెయింటు డబ్బాలో నాలుగు లీటర్ల మిల్లు నీరు, నడుమ ముంత. ముంత వెలుపలి గోడకు కార్బన్ ఫెల్టు అనే మెత్తని బొగ్గు గుడ్డను చుట్టాము, అది బ్యాక్టీరియా ఇల్లు. ముంత లోపల మరొక ఫెల్టు, దాని మీద ఉత్తేజిత బొగ్గు పొడి పూత, ఉప్పు నీరు, ఆక్సిజన్ కోసం చేపల తొట్టి పంపు. పేడ నీళ్లు, చెరువు బురద చెరి ఒక గ్లాసెడు విత్తనంగా వేశాము.

పంపు గురించి మా పాలిటెక్నిక్ అబ్బాయి ఒక మాట అన్నాడు: "సార్, ఈ పంపు మూడు వాట్లు తింటోంది." మేము ఆశిస్తున్నది ఒక మిల్లీ వాటు. వెంటనే పంపు తీసేసి, ముంతలోని నీటిని కూడా ఒంపేసి, తడి ఫెల్టును లోపలి గోడకే ఒత్తి పెట్టాము. గోడ నుంచి చెమర్చే తడి దానికి సరిపోతుంది, ముంత నోరు తెరిచి ఉంటే గాలి తానే లోపలికి వస్తుంది. బ్రిస్టల్‌లో యియానిస్ ఇయెరోపౌలోస్ బృందం పింగాణీ వంటి మట్టి గొట్టాలను మూత్రంతో నడిపి 2013లో మొబైలు ఫోనును చార్జ్ చేసినది ఇదే కుటుంబానికి చెందిన పనే.

జనవరి 8

ముంత ఘటం ఖాళీగా 0.68 వోల్టు, 100 ఓముల నిరోధంతో 0.31 వోల్టు. అంటే 3.1 మిల్లీ ఆంపియర్లు, లోపలి నిరోధం సుమారు 120 ఓములు. వంతెన ఘటంతో పోలిస్తే కరెంటు డెబ్భై రెట్లకు పైన. అయినా శక్తి ఒక మిల్లీ వాటు లోపే. గుడ్డిగా వెలిగే ఒక్క వాటు బల్బుకైనా ఇలాంటి డబ్బాలు వేయి కావాలి.

కరెంటును నమోదు చేసే రికార్డరు గీసిన వక్రం రోజూ అలలా లేచి పడుతోంది: మధ్యాహ్నం 3.4, తెల్లవారుజామున 2.1. ఇది చలి ప్రభావమే, రాత్రి ఉష్ణోగ్రత పదిహేడుకు దిగితే బ్యాక్టీరియా కూడా దుప్పటి కప్పుకుంటుంది. డబ్బాలను దక్షిణపు గోడ వారకు జరిపాము. వంటింటి కిటికీ అటే తెరుచుకుంటుందన్న సంగతిని ఇంట్లోవారు ఆ సాయంత్రమే గుర్తు చేశారు, మళ్లీ పెరటికి మార్చాము.

జనవరి 17

మూడు ఘటాలు సిద్ధమయ్యాయి గనుక టార్చి సెల్లుల్లా వరుసగా కలిపితే దాదాపు రెండు వోల్టులు వస్తాయనుకున్నాము. గంట సేపు బాగానే ఉండి, తరువాత మొత్తం పడిపోయింది. విడివిడిగా కొలిస్తే రెండు ఘటాలు ధన వోల్టేజీలో, మూడోది మైనస్ 0.4లో ఉంది. వరుసలో అన్నింటి గుండా ఒకే కరెంటు పోవాలి, మూడో డబ్బాలో తిండి తక్కువై బ్యాక్టీరియా అంత కరెంటు ఇవ్వలేకపోతే తక్కిన రెండూ దానిని బలవంతంగా వెనక్కి నెట్టేస్తాయి. ఈ రంగంలో అందరికీ ఎదురయ్యే సమస్యే ఇది, మేము చదివి కూడా పట్టించుకోలేదు. ఆ డబ్బా కోలుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది.

దారి మార్చాము. మూడు ఘటాలనూ సమాంతరంగా కలిపి, ఒక్కొక్కటి ఒక ఫారడు ఉండే నాలుగు కెపాసిటర్లను సమాంతరంగానే అర వోల్టు దాకా నింపి, స్విచ్చి తిప్పి కెపాసిటర్లను మాత్రం వరుసలోకి మారుస్తాము. అప్పుడు రెండు వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ పదిహేను సెకన్లు వెలుగుతుంది. మళ్లీ ఇరవై నిమిషాలు నిరీక్షణ. పక్కింటి పిల్లలకు నా రెండు నెలల ప్రాజెక్టు మొత్తంలో నచ్చినది ఈ పదిహేను సెకన్లే.

జనవరి 29

పది రోజుల ఖాతా. సీఓడీ, అంటే నీటిలోని మాలిన్యాన్ని పూర్తిగా కాల్చడానికి ఎంత ఆక్సిజన్ కావాలో తెలిపే కొలత, డైక్రోమేటు పద్ధతిలో పాలిటెక్నిక్ ప్రయోగశాలలో చేశాము. మొదట లీటరుకు 2640 మిల్లీగ్రాములు, చివర 790. ఎనిమిది గ్రాముల సీఓడీ అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్లు. నాలుగు లీటర్లలో 7.4 గ్రాములు తగ్గింది గనుక 0.925 మోల్, అంటే సుమారు 89 వేల కూలుంబుల విద్యుదావేశం నీటి నుంచి బయటపడింది. తీగలో ప్రవహించినది సగటున 2.6 మిల్లీ ఆంపియర్ల చొప్పున పది రోజులకు 2250 కూలుంబులు. నూటికి రెండున్నర!

తక్కిన తొంభై ఏడున్నర వంతులు ఎక్కడికి పోయాయి? ముంత గోడ గుండా ఆక్సిజన్ ఇటు వైపు జొరబడి, మామూలు బ్యాక్టీరియా దానితో తిండిని కాల్చుకుంది. అడుగున చేరిన మీథేన్ జీవులు గోబర్ గ్యాస్ చేసుకున్నాయి. కొంత తిండి కొత్త బ్యాక్టీరియా శరీరాలుగా మారి అడుగున తెట్టుగా పడింది. నీరు శుభ్రపడింది, అది నిజమైన లాభం, కానీ కరెంటు తీశామని చెప్పుకోవడం మాత్రం పెరుగంతా పిల్లి తాగాక చట్టికి అంటిన మీగడను చూపించడమే. ముంత లోపల ఆక్సిజన్ ఉన్నంత కాలం ఈ నష్టం తప్పదు. హైడ్రోజన్ ఘటంలో ముంత లోపల ఆక్సిజనే ఉండదు గనుక అటు వెళ్లడానికి ఇదే బలమైన కారణం.

ఫిబ్రవరి 5

హైడ్రోజన్ ఘటం కోసం చేసిన మార్పులు: ముంత లోపలి ఫెల్టు తీసేసి స్టీలు జాలీ పెట్టాము. గిన్నెలు తోమే స్టీలు పీచును కూడా ప్రయత్నించాము, కానీ దానికి అయస్కాంతం అంటుకుంటుంది, అంటే అందులో నికెల్ లేనట్టే. నికెల్ ఎనిమిది శాతానికి తగ్గకుండా ఉండే 304 రకం జాలీకి అయస్కాంతం దాదాపు అంటదు, హైడ్రోజన్ పుట్టించడంలో ఆ నికెల్ సాయం చేస్తుంది. ఒకే వోల్టేజీ దగ్గర పీచు కన్నా జాలీ సగం మేర ఎక్కువ కరెంటు ఇచ్చింది. ముంత నిండా ఉప్పు నీరు, మూతికి రబ్బరు బిరడా, దాని చుట్టూ ఎం-సీల్, బిరడాలోని గొట్టం నీటిలో బోర్లించిన కొలజాడీకి.

0.8 వోల్టు సరఫరాకు కూడా కాస్త తంటాలు పడ్డాము. వోల్టేజీని అదుపు చేయడానికి అందరూ వాడే ఎల్ఎం 317 చిప్పు 1.25 వోల్టు కన్నా కిందికి దిగదు. మొదటి రోజు ఒకటిన్నర వోల్టు సెల్లుకు వరుసలో ఒక డయోడు పెట్టి నెట్టుకొచ్చాము, మరునాడు పాలిటెక్నిక్ నుంచి సరైన సరఫరా పెట్టె వచ్చింది.

0.3 వోల్టు దగ్గర కదలిక లేదు. 0.5 దగ్గర 3 మిల్లీ ఆంపియర్లు, 0.8 దగ్గర 12. జాలీ మీద సన్నని బుడగలు పూసల్లా పట్టాయి.

ఫిబ్రవరి 9

మూడు రోజులు నిలకడగా 12 మిల్లీ ఆంపియర్లు నడిచింది. ఆ కరెంటు లెక్కన 400 మిల్లీలీటర్ల హైడ్రోజన్ రావాలి. కొలజాడీలో ఉన్నది 60.

ప్రవహించిన కరెంటుకు తగ్గ వాయువు పుట్టాలనే ఫెరడే నియమం తప్పు కాదు గనుక తప్పు మా దగ్గరే ఉంది. బిరడాకు, గొట్టానికి సబ్బు నీరు రాసి చూశాము, ఎక్కడా బుడగ లేదు. చివరకు ముంత మెడకు రాసినప్పుడు తెలిసింది: నీటి మట్టానికి పైన ఉన్న రెండు అంగుళాల మట్టి ఎండిపోయి ఉంది, ఆ పొడి గోడ మీద సబ్బు నీరు పాలపొంగులా నురగ కట్టింది. తడిసిన మట్టి రంధ్రాలను నీరు మూసి ఉంచుతుంది, పొడి మట్టి జల్లెడతో సమానం, అందులోనూ హైడ్రోజన్ వంటి అతి తేలికైన వాయువుకు. కారే కుండను కోరి తెచ్చుకుని అది కారిందని నిందించడం న్యాయం కాదు. మెడను ఎండలో ఆరబెట్టి, లోపలా బయటా రెండు పూతలు ఎపాక్సీ వేశాము.

ఈ సందర్భంలో జాగ్రత్తల మాట. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య హైడ్రోజన్ ఎంత ఉన్నా నిప్పురవ్వకు అంటుకుంటుంది. డబ్బాలు ఆరుబయటే ఉంటాయి, లీటరుకు మించి నిల్వ చేయము, మంట పరీక్ష చిన్న పరీక్షనాళికలో మాత్రమే, కళ్లద్దాలతో చేస్తాము.

ఫిబ్రవరి 13

ముంత అడ్డు లేకుండానే చేస్తే ఏమవుతుందన్నది మా అబ్బాయి ప్రశ్న. ఫెల్టు, జాలీ ఒకే డబ్బాలో పెట్టాము. కరెంటు 21 మిల్లీ ఆంపియర్లకు పెరిగింది, వాయువు కూడా బాగా వచ్చింది. మొదట్లో పరీక్షనాళికలో మండిస్తే హైడ్రోజన్ గుర్తుగా 'టప్'మని పేలింది, తరువాత శబ్దం తగ్గి నెమ్మదైన నీలి మంట రాసాగింది. మీథేన్ జీవులు నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి ఒక పాలు మీథేన్‌గా మార్చేస్తున్నాయి. ఖర్చు పెట్టి హైడ్రోజన్ చేసి, దానితో గోబర్ గ్యాస్ తయారు చేసినట్టయింది. ముంత విలువ ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

ఫిబ్రవరి 22

ఆరు రోజుల పరుగు పూర్తయింది. మెడ పూత తరువాతి మొదటి నమ్మదగిన ఖాతా ఇది.

సగటు కరెంటు 12 మిల్లీ ఆంపియర్లు, మొత్తం 6220 కూలుంబులు. ముప్పై డిగ్రీల వద్ద వాటికి రావలసిన హైడ్రోజన్ సుమారు 800 మిల్లీలీటర్లు, పట్టుకున్నది 610. సున్నపు తేట గుండా పంపితే తేట దాదాపు తెలుపెక్కలేదు గనుక బొగ్గుపులుసు వాయువు అందులో లేదనే అనుకుంటున్నాము. సీఓడీ 2640 నుంచి 1400కు వచ్చింది, ఆ తగ్గిన దానిలో నూటికి పది వంతులకు పైగా ఎలక్ట్రాన్లు తీగలోకి వచ్చాయి, రెండున్నర నుంచి పదికి చేరడం చిన్న సంగతి కాదు.

విద్యుత్తు ఖర్చు 1.38 వాట్ గంటలు. పట్టుకున్న హైడ్రోజన్ బరువు 0.049 గ్రాము. ఈ దామాషాలో కిలో హైడ్రోజన్‌కు సుమారు 28 యూనిట్లు. నీటిని విడగొట్టే మామూలు ఎలక్ట్రోలైజర్లు కిలోకు 50 నుంచి 55 యూనిట్లు తీసుకుంటాయి. మండిస్తే ఆ హైడ్రోజన్ ఇచ్చే వేడి మేము పెట్టిన విద్యుత్తు కన్నా నూటికి నలభై వంతులు ఎక్కువ. శక్తి ఎక్కడి నుంచో ఊడిపడలేదు, ఆ మిగులు మిల్లు నీటిది. పత్రికల వారు చూస్తే "పెట్టిన కరెంటు కన్నా ఎక్కువ" అని రాస్తారన్న భయంతోనే ఈ వాక్యాన్ని ఇంత జాగ్రత్తగా రాస్తున్నాను. అదీ గాక, మా ఖాతాలో కిలో అన్నది కాగితం మీది మాట. ఈ డబ్బా ఇదే వేగంతో కిలో హైడ్రోజన్ ఇవ్వాలంటే మూడు వందల ఏళ్లకు పైగా పడుతుంది.

ఫిబ్రవరి 26

పీహెచ్ చూశాము. ముంత లోపల 7.2తో మొదలైనది 11.4కు ఎక్కింది, బయట మిల్లు నీరు 5.6కు పడింది. ఒక్కొక్క పీహెచ్ అంకె తేడాకు 59 మిల్లీ వోల్టుల నష్టం. ముంత వైపు మాత్రమే పావు వోల్టు, అంటే మేము పెట్టిన 0.8లో దాదాపు మూడో వంతు, ఇలా వృథా అయింది. పైగా పులుపెక్కిన నీటిలో బ్యాక్టీరియా మందగిస్తుంది. సున్నం వేద్దామనుకున్నాము, కానీ క్షారం మా ముంతలోనే ఊరుతుండగా కొనడం ఎందుకు? రోజూ ఉదయం ముంత నుంచి గొట్టంతో ఒక గ్లాసెడు తీసి డబ్బాలో పోసి, ముంతలో కొత్త ఉప్పు నీరు నింపుతున్నాము. నాలుగో రోజుకు కరెంటు 12 నుంచి 15కు చేరింది. మొత్తం ప్రాజెక్టులో ఇంత చవకైన మెరుగుదల మరొకటి లేదు.

మార్చి 4

ఒక పక్కదారి. మిల్లు నీటిని తినే బ్యాక్టీరియా వరిగడ్డిని ముట్టదు, అందులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థం దానికి కొరుకుడు పడదు. బయోమాస్ అంటే మన దగ్గర ముఖ్యంగా గడ్డి, పత్తి కట్టె, ఊక గనుక ఈ లోటు పెద్దదే. దీనికి బ్యాక్టీరియా లేని దారి ఒకటుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో యూలిన్ డెంగ్ బృందం పాలీఆక్సోమెటలేట్ అనే లోహ సమ్మేళనాలను ఎలక్ట్రాన్ల కూలీలుగా వాడి, పిండి, సెల్యులోజు, లిగ్నిన్‌ల నుంచి కరెంటు తీసిన పనిని 2014లో ప్రచురించింది.

పాత కళాశాల ప్రయోగశాలలో అదే కుటుంబానికి చెందిన ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం సీసా ఒకటి మిగిలి ఉందని తెలిసి, అనుమతి తీసుకుని వెళ్లాను. పసుపు పచ్చని ద్రావణంలో మెత్తగా దంచిన వరిగడ్డి పొడి వేసి, వేడి నీటి గిన్నెలో పెట్టాము. అరగంటకు ఆకుపచ్చ, గంటన్నరకు చిక్కని సిరా నీలం. గడ్డి ఎలక్ట్రాన్లు మాలిబ్డినం మీదికి ఎక్కి కూర్చున్నాయనడానికి ఆ నీలమే సాక్ష్యం. ముప్పై ఏళ్లు ఆక్సీకరణ, క్షయకరణ పాఠం చెప్పాను, ఆ పాఠం ఇంత అందంగా కళ్ల ముందు కనిపించినది ఇదే మొదటిసారి. వడకట్టి, కార్బన్ కడ్డీ ధన ధ్రువంగా, జ్వాలా పరీక్షకు వాడే ప్లాటినం తీగ ఆమ్లం పోసిన అవతలి గదిలో ఋణ ధ్రువంగా పెట్టి 0.8 వోల్టు ఇస్తే, తీగ మీద బుడగలు వచ్చాయి. నీలం మెల్లగా ఆకుపచ్చకు తిరిగింది, పసుపు దాకా మాత్రం రాలేదు. ఆ వోల్టేజీ దగ్గర ఉత్త నీరు విడిపోదు గనుక ఆ బుడగలు గడ్డివే.

దీనిని ముంతలో చేయాలని మా అబ్బాయికి ఆశ. ఆ రసాయనం ధర, దాని ఆమ్ల స్వభావం చూస్తే పెరట్లో చేసే పని కాదనిపిస్తోంది. వేగం మాత్రం బ్యాక్టీరియా కన్నా ఎంతో మిన్న.

మార్చి 12

మిల్లు సూపర్‌వైజరు వచ్చి చూసి, "మా తొట్ల నీళ్లన్నీ పోస్తే మా మోటార్లు నడుస్తాయా సారూ?" అని అడిగాడు. నడవవని చెప్పాను. నా అభిప్రాయంలో చిక్కని చెత్తకు గోబర్ గ్యాసే మేలు. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు పది టన్నుల వ్యర్థాల నుంచి కరెంటు తీసేందుకు తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ సాంకేతికతతో కట్టిన ప్లాంటు అందుకు చక్కని రుజువు. గ్యాస్ ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిలో ఇంకా మిగిలి ఉండే పలచని ఆమ్లాలు మాత్రం ఎసిటేట్ వంటివే, మా ముంతకు అవే ఇష్టమైన తిండి. అంటే మా ఘటం స్థానం గ్యాస్ ప్లాంటుకు పోటీగా కాదు, దాని తోక దగ్గర. తరువాతి పరుగుకు గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి పారే నీటినే తెప్పిస్తున్నాము. మిల్లు నీరు, ఆ నీరు పక్కపక్కన రెండు డబ్బాల్లో నడిపి, తీగలోకి వచ్చే వంతును పోల్చాలి.

మార్చి 24

ముంతల గోడల మీద తెల్లని లవణపు పెచ్చు కట్టింది, లోపలి నిరోధం 120 నుంచి 190 ఓములకు పెరిగింది. వెనిగరులో ఒక రాత్రి నానబెడితే పెచ్చు చాలావరకు కరిగి 135కు దిగింది. కుమ్మరి పెద్దాయనకు మరో ఆరు ముంతలు చెప్పాను. ఈసారి మెడ మాత్రం ఊక లేని మట్టితో, నున్నగా రుద్ది చేయమన్నాను. "కింద కారాలె, మీద కారొద్దు, అంతే గద సారూ" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

యాసంగి వడ్లు వచ్చేదాకా మిల్లు ఆగింది. ఫెల్టు మీది బ్యాక్టీరియా ఆకలితో చావకుండా రోజూ సాయంత్రం డబ్బాకు ఒక గ్లాసెడు పులిసిన గంజి పోస్తున్నాము. నిన్న రాత్రి కొలత 7.4 మిల్లీ ఆంపియర్లు.